లూయీ ఫిషర్: మాస్కో నుంచి సేవాగ్రామ్ దాకా ఒక విలేకరి ప్రస్థానం

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో పన్నెండో తరగతి చదివిన తెలుగు విద్యార్థులకు ఆంగ్ల వాచకంలోని 'ఇండిగో' పాఠం గుర్తుండే ఉంటుంది. రాజ్‌కుమార్ శుక్లా అనే చంపారణ్ రైతు గాంధీజీని పట్టు వదలకుండా వెంబడిస్తాడు. లక్నో కాంగ్రెస్ సభల దగ్గర మొదలుపెట్టి కాన్పూరు, అహ్మదాబాదు ఆశ్రమం, కలకత్తాల మీదుగా తిరిగి తిరిగి, చివరకు ఆయనను తన జిల్లాకు తీసుకువెళతాడు. నీలిమందు రైతుల పోరాటానికి నాంది పలికిన ఆ కథను ఏటా లక్షలాది మంది పిల్లలు చదువుతారు, పరీక్ష రాస్తారు. పాఠం రాసిన లూయీ ఫిషర్ ఎవరన్నది మాత్రం ఎక్కువ మందికి తెలియదు.

1942 వేసవిలో సేవాగ్రామ్‌లో గాంధీజీ స్వయంగా చెప్పగా విన్న ఉదంతం అది. విన్న వ్యక్తి అమెరికన్ పాత్రికేయుడు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్ళు. జీవితంలో సగం కాలం ఒక రాజకీయ విశ్వాసానికి అంకితమై, అది కూలిపోగా కొత్తగా దేన్ని నమ్మాలో తెలియని స్థితిలో భారతదేశానికి వచ్చారు. ఆ తరువాత ఎనిమిదేళ్ళకు ఆయన రాసిన గాంధీ జీవితచరిత్ర ప్రపంచవ్యాప్తంగా మహాత్ముని గురించిన ప్రామాణిక గ్రంథాల్లో ఒకటిగా నిలిచింది. రిచర్డ్ అటెన్‌బరో చిత్రం 'గాంధీ'కి స్ఫూర్తి కూడా ఆ పుస్తకమే.

ఫిలడెల్ఫియా పేదవాడ నుంచి

లూయీ ఫిషర్ 1896 ఫిబ్రవరి 29న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టారు. తల్లిదండ్రులు నాటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి చేపలు, పండ్లు అమ్మి కుటుంబాన్ని పోషించేవారు. ఫిషర్ ఉపాధ్యాయ శిక్షణ పొంది కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి దశలో బ్రిటిష్ సైన్యంలోని యూదు దళంలో చేరి పాలస్తీనాలో గడిపారు.

యుద్ధానంతర ఐరోపా ఆయనను పత్రికా రచనలోకి లాగింది. 1921లో బెర్లిన్ చేరుకొని 'న్యూయార్క్ ఈవెనింగ్ పోస్ట్'కు వార్తలు పంపడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మాస్కో వెళ్ళారు. 1923 నుంచి అమెరికా వామపక్ష, ఉదారవాద మేధావుల వేదిక అయిన 'ది నేషన్' వారపత్రికకు రాయసాగారు. లాట్వియాలో పుట్టిన బెర్తా మార్క్‌ను వివాహం చేసుకున్నారు. మర్కూషా అన్న పేరుతో ప్రసిద్ధురాలైన ఆమె కూడా తరువాతి కాలంలో రచయిత్రి అయ్యారు. వారికి జార్జ్, విక్టర్ అని ఇద్దరు కుమారులు. కుటుంబం మాస్కోలో స్థిరపడింది. తండ్రి మాత్రం రైళ్ళలో, ఓడల్లో, రాజధానుల హోటళ్ళలో కాలం గడిపేవారు.

తొలి పుస్తకం 1926లో వెలువడింది. చమురు కోసం అగ్రరాజ్యాలు సాగించిన పోటీపై రాసిన గ్రంథం అది. 1930లో వచ్చిన 'ది సోవియట్స్ ఇన్ వరల్డ్ అఫైర్స్' రెండు సంపుటాల బృహద్గ్రంథం. సోవియట్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన గెయోర్గీ చిచేరిన్ ఆ రచనకు ఎంతగానో తోడ్పడ్డారు. సోవియట్ దౌత్య చరిత్రను అధ్యయనం చేసేవారు ఈనాటికీ దాన్ని సంప్రదిస్తారు. ఒక విదేశీ విలేకరికి మాస్కోలో అంతటి ప్రవేశం ఊరికే దొరకదు. అందుకు ఫిషర్ చెల్లించిన మూల్యం మూడేళ్ళ తరువాత తేలింది.

చూడని కరవు

1932-33లో సోవియట్ యూనియన్‌లో, ముఖ్యంగా ఉక్రెయిన్‌లో, భయంకరమైన కరవు వచ్చింది. బలవంతపు సమష్టి వ్యవసాయం, నిర్దయగా సాగిన ధాన్య సేకరణ దానికి మూలం. లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. గారెత్ జోన్స్ అనే యువ వేల్స్ పాత్రికేయుడు ఉక్రెయిన్ గ్రామాల్లో కాలినడకన తిరిగి, 1933 మార్చిలో ఆ సంగతి లోకానికి వెల్లడించారు. మాస్కోలో మకాం వేసిన విదేశీ విలేకరుల్లో పలువురు ఆయన మాటను కొట్టిపారేశారు. 'న్యూయార్క్ టైమ్స్' ప్రతినిధి వాల్టర్ డ్యురాంటీ పేరు ఈ విషయంలో ఎక్కువగా వినిపిస్తుంది. ఫిషర్ పేరు కొంత తక్కువగా వినిపిస్తుంది గానీ, ఆయన పాత్ర చిన్నదేమీ కాదు. ఆ వసంతంలో అమెరికాలో ప్రసంగ యాత్ర చేస్తూ, లక్షల మరణాల కథనాలను ఆయన సభల్లోనే తోసిపుచ్చారు.

రెండేళ్ళ తరువాత, 1935లో ప్రచురించిన 'సోవియట్ జర్నీ'లో కరవు వచ్చిందని ఒప్పుకున్నారు. అయితే తప్పును రైతుల మీదికి నెట్టారు. సమష్టి వ్యవసాయాన్ని దెబ్బతీయాలని రైతులు చూశారు, నిలబెట్టాలని ప్రభుత్వం చూసింది, ఎవరి ఆయుధం వారు వాడారు, ప్రభుత్వం గెలిచింది అన్న ధోరణిలో సాగింది ఆ వివరణ. తల్లిదండ్రుల పుట్టిల్లయిన నేల గురించి ఒక కుమారుడు రాసిన మాటలని తెలిసి చదివితే మనసు చివుక్కుమంటుంది.

ఇది అజ్ఞానం వల్ల జరిగిన పొరపాటు కాదు. ఫిషర్‌కు రష్యన్ భాష వచ్చు. దేశమంతా తిరిగారు. మంత్రులతో కలిసి భోంచేశారు. కొత్త సమాజం పుడుతోందని ఆయన గాఢంగా నమ్మారు. ఆ నమ్మకానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని పుట్టబోయే సమాజానికి తప్పని ప్రసవవేదనగా లెక్కగట్టారు. వార్తాగదిలో కొన్ని దశాబ్దాలు పనిచేసిన ఎవరికైనా ఈ రోగం కొత్త కాదు. కళ్ళెదుట ఉన్నది రాయకపోవడానికి ఎప్పుడూ ఏదో ఒక సదుద్దేశం చేతికి దొరుకుతుంది.

స్పెయిన్, మాస్కో, భంగపాటు

1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలవగానే ఫిషర్ అక్కడికి వెళ్ళారు. ఫ్రాంకో సేనలకు వ్యతిరేకంగా గణతంత్రం పక్షాన పోరాడేందుకు పలు దేశాల స్వచ్ఛంద సైనికులతో ఏర్పడిన అంతర్జాతీయ బ్రిగేడ్‌లో కొంతకాలం చేరి, తిండి, బట్ట, సామగ్రి సరఫరా బాధ్యత చూశారు. బ్రిగేడ్ రాజకీయ నాయకుడు ఆంద్రే మార్టీతో పొసగక త్వరలోనే బయటికి వచ్చి మళ్ళీ కలం పట్టారు.

అదే సమయంలో మాస్కోలో స్టాలిన్ ప్రక్షాళన సాగుతోంది. ఫిషర్ మిత్రులు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. తన నమ్మకం సడలిపోయిందని ఆయనకు అప్పటికే తెలుసు. అయినా బహిరంగంగా నోరు మెదపలేదు. స్పెయిన్ గణతంత్రానికి ఆయుధాలు ఇస్తున్నది ప్రధానంగా సోవియట్ యూనియనే కావడం ఒక కారణం. భార్యాబిడ్డలు మాస్కోలో చిక్కుకుపోవడం మరొకటి. వారిని బయటకు రప్పించేందుకు అమెరికా అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్‌వెల్ట్ జోక్యం అవసరమైంది. 1939లో గానీ వారికి విముక్తి లభించలేదు. ఆ ఇద్దరు పిల్లల్లో చిన్నవాడు విక్టర్ తరువాత అలాస్కాలో స్థిరపడి, ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని రచించిన సభలో సభ్యుడయ్యారు.

1939 ఆగస్టులో హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందంతో చివరి దారం తెగింది. ఈ విరామ ఘట్టానికి ఫిషర్ పెట్టిన పేరు రాజకీయ సాహిత్యంలో స్థిరపడింది. క్రాన్‌స్టాట్ అనే రేవులో 1921లో నావికులు చేసిన తిరుగుబాటును బోల్షివిక్ ప్రభుత్వం అణచివేసింది. కొందరు ఆనాడే కమ్యూనిజానికి దూరమయ్యారు. అలా ప్రతి విశ్వాసికీ ఇక నమ్మలేని క్షణం ఒకటి వస్తుందనీ, అదే అతని క్రాన్‌స్టాట్ అనీ ఫిషర్ 1949లో వెలువడిన 'ది గాడ్ దట్ ఫెయిల్డ్' వ్యాస సంపుటిలో రాశారు. ఆర్థర్ కోస్లర్, రిచర్డ్ రైట్, ఇగ్నాజియో సిలోనే వంటి ప్రముఖుల సరసన ఆయన వ్యాసం అందులో ఉంది. తన క్రాన్‌స్టాట్ ఎందుకంత ఆలస్యమైందన్న ప్రశ్నను ఆయన దాటవేయలేదు. జవాబు సంతృప్తికరంగా ఉందా లేదా అన్నది పాఠకులు తేల్చుకోవలసిందే.

సేవాగ్రామ్‌లో ఒక వారం

1942 మార్చి, ఏప్రిల్ నెలల్లో క్రిప్స్ రాయబారం విఫలమైంది. జపాన్ సేనలు బర్మాను ఆక్రమించుకుంటున్నాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం భారత గడప దాకా వచ్చిందన్న వార్త కోస్తాంధ్ర ప్రజలకు పత్రికల ద్వారా కాదు, ఆకాశం నుంచే తెలిసింది. సరిగ్గా ఇటువంటి సమయంలో ఆంగ్లేయులు వెళ్ళిపోవాలని గాంధీజీ అంటున్నారు. ఇది అమెరికన్లకు అంతుపట్టని విషయం. జపాన్ తలుపు తడుతుంటే కాపలాదారును పొమ్మనడమేమిటని వారి ప్రశ్న. దానికి సమాధానం కోసమే ఫిషర్ జూన్ మొదట్లో వార్ధాలో రైలు దిగి, టాంగాలో సేవాగ్రామ్ చేరుకున్నారు.

అక్కడి ఎండ విదర్భను ఆనుకుని ఉన్న ఆదిలాబాద్ వాసులకు చెప్పనక్కరలేదు. ఆ వేడికి తట్టుకోలేక ఫిషర్ ఒక ఉపాయం కనిపెట్టారు. రేకు తొట్టెలో నీళ్ళు నింపించి, అందులో చెక్కపెట్టె వేసుకుని కూర్చునేవారు. పక్కన మరో పెట్టె మీద టైపురైటరు. ఒళ్ళు నీళ్ళలో, వేళ్ళు మీటల మీద. గాంధీజీతో ఆ రోజు సాగిన సంభాషణను అలా కూర్చుని టైపు చేసేవారు. ఆశ్రమంలోని చప్పిడి కూరలు ఆయనకు సహించలేదు. ఆ సంగతి కూడా దాచుకోలేదు.

రోజూ గంటసేపు ముఖాముఖి. నడకలో, భోజనాల దగ్గర మరికొంత. ఫిషర్ వేసిన ప్రశ్నలు భక్తుడు అడిగేవి కావు. కాంగ్రెస్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. దాదాపు అంతా ధనవంతులైన మిత్రుల నుంచేనని గాంధీజీ ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వస్తే భూమి సంగతేమిటన్నారు. రైతులు భూమిని తీసుకుంటారనీ, భూస్వాములకు పరిహారం చెల్లించే స్తోమత దేశానికి ఉండదనీ జవాబు వచ్చింది. కొంత హింస జరగవచ్చునని కూడా గాంధీజీ అంగీకరించారు. ఆయనను సంపన్నుల పక్షపాతి అనేవారు, విప్లవ విరోధి అనేవారు, ఇద్దరూ ఈ పుటలు చదవడం మంచిది.

అసలు ప్రశ్న యుద్ధం. బ్రిటన్ అధికారం వదులుకున్నా, జపాన్‌ను ఎదుర్కొనేందుకు మిత్రరాజ్యాల సేనలు భారత గడ్డపై ఉండవచ్చా అని ఫిషర్ నిలదీశారు. ఉండవచ్చునన్నది గాంధీజీ సమాధానం. నిన్నటి తన మాటలో లోపముందని చెప్పడానికి ఆయన ఏమాత్రం సంకోచించలేదు. ఇది ఫిషర్‌ను ఆశ్చర్యపరిచింది. తప్పు ఒప్పుకున్న నాయకుణ్ణి మాస్కోలో గడిపిన అన్నేళ్ళలో ఆయన ఎరగరు. అక్కడ తప్పు ఒప్పుకున్నవారు ఉండేవారు గానీ, వారు న్యాయస్థానంలో బోనులో నిలబడినవారు.

ఆ వారంలోనే ఒకనాడు, బ్రిటిష్ వారు వెళ్ళిపోవాలన్న నిర్ణయానికి తాను ఎలా వచ్చారో చెబుతూ గాంధీజీ 1917 నాటి చంపారణ్‌ను గుర్తు చేసుకున్నారు. నేటి పాఠ్యపుస్తకంలో ఉన్న కథకు మూలం ఆ సంభాషణే. గుడిసె గోడ మీద ఉన్న ఏకైక అలంకారం ఏసుక్రీస్తు చిత్రమని కూడా ఫిషర్ గమనించి రాసుకున్నారు.

ఆ పర్యటనలోనే ఫిషర్ వైస్రాయి లిన్లిత్‌గోను, జిన్నాను, అంబేడ్కర్‌ను కూడా కలుసుకున్నారు. గాంధీజీ జూలై 1న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాసిన లేఖ ఫిషర్ ద్వారానే అమెరికా చేరింది. ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం, మరునాడు తెల్లవారకముందే అరెస్టులు జరిగిపోయాయి. జరుగుతున్న చర్చలను లండన్ ప్రభుత్వమే వెనక నుంచి దెబ్బతీసిందని వాదిస్తూ, క్రిప్స్ వైఫల్యంపై సెప్టెంబరులో 'ది నేషన్'లో ఫిషర్ రాసిన వ్యాసాలు పెద్ద వివాదం రేపాయి. ఆశ్రమ దినచర్య 'ఎ వీక్ విత్ గాంధీ' పేరుతో అదే ఏడాది పుస్తకమైంది. చిన్న పుస్తకం. ఆయన రచనలన్నింటిలో ఇప్పటికీ తాజాగా ఉన్నది బహుశా ఇదే. తీర్పులు తక్కువ, విన్నది విన్నట్టు ఎక్కువ.

జీవితచరిత్రకారుడు

1945లో ఫిషర్ 'ది నేషన్' నుంచి తప్పుకున్నారు. సోవియట్ యూనియన్ పట్ల పత్రిక వైఖరి మరీ మెతకగా ఉందన్నది ఆయన అభ్యంతరం. ఒకనాడు అంతకంటే మెతకగా రాసింది తానే కదా అని పాత సహచరులు అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు. దినవార్తల ప్రపంచాన్ని వదిలి అప్పటి నుంచి ప్రధానంగా పుస్తక రచయిత అయ్యారు. 1947లో వచ్చిన 'గాంధీ అండ్ స్టాలిన్' ఆయన ఆలోచన ఎటు మొగ్గిందో శీర్షికలోనే చెబుతుంది. మంచి గమ్యం కోసం చెడ్డ మార్గమైనా ఫరవాలేదనుకున్న వ్యక్తి, మార్గమే గమ్యమని చెప్పే వ్యక్తి పక్కకు చేరారు.

1946లో భారతదేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలోని పారిశుద్ధ్య కార్మికుల వాడలోనూ, పంచగనిలోనూ గాంధీజీతో మళ్ళీ మాట్లాడారు. 1950లో 'ది లైఫ్ ఆఫ్ మహాత్మా గాంధీ' ప్రచురితమైంది.

ఆ గ్రంథం గాంధీ పుట్టుకతో మొదలు కాదు. 1948 జనవరి 30 సాయంత్రం, ఆఖరి భోజనంతో మొదలవుతుంది. మరణం, అంత్యక్రియలు ముగిశాక పోరుబందరు బాల్యానికి వెనుదిరుగుతుంది. ఇది ముప్పై ఏళ్ళు వార్తలు రాసిన చేతికి అబ్బిన అలవాటు కావచ్చు. అటెన్‌బరో చిత్రం కూడా హత్యతోనే ప్రారంభమై వెనక్కి వెళుతుందన్నది గమనార్హం.

గాంధీ గురించి అప్పటికే అమెరికన్ విలేకరులు ఎందరో రాశారు. ధారాసన ఉప్పు క్షేత్రం వద్ద లాఠీలకు ఎదురొడ్డి నిలిచిన సత్యాగ్రహులను వెబ్ మిల్లర్ లోకానికి చూపారు. విన్సెంట్ షీన్ హత్య జరిగిన నాడు బిర్లా భవన్‌లోనే ఉన్నారు. సమాచార విస్తృతి విషయంలో డి.జి. తెందూల్కర్ ఎనిమిది సంపుటాల రచనకు ఫిషర్ పుస్తకం సాటి రాదు. అయినా సామాన్య పాఠకుడు తొలిపుట నుంచి చివరిపుట దాకా చదవగలిగిన ఒకే సంపుటం కావడం దాని బలం. కస్తూరిబాయి పట్ల గాంధీ కాఠిన్యం, పెద్దకుమారుడు హరిలాల్ విషాదం ఇందులో మరుగున పడలేదు.

ఒక ఘట్టాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. 1946 సంభాషణలో హిట్లర్ సాగించిన యూదుల సంహారం ప్రస్తావనకు వచ్చింది. అది ఆ కాలపు అతి ఘోర నేరమని అంటూనే, యూదులు స్వచ్ఛందంగా ప్రాణాలర్పించి ఉంటే లోకం మేల్కొని ఉండేదని గాంధీజీ అభిప్రాయపడ్డారు. యూదుడైన ఫిషర్‌కు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. అభిమాన నాయకుని ప్రతిష్ఠకు భంగమని దాన్ని వదిలేయడం సులువు. 1933 నాటి ఫిషర్ అయితే వదిలేసేవారేమో. 1950 నాటి ఫిషర్ అచ్చువేశారు. గాంధీ విమర్శకులు ఇప్పటికీ ఆ పుటనే చూపిస్తారు.

లోపాలు లేవని కాదు. జిన్నాను చిత్రించిన తీరులో సానుభూతి కొరవడింది. ముస్లిం లీగ్ వెనుక నిలిచిన జనసామాన్యం భయాలు, ఆశలు అంతగా కనిపించవు. అంబేడ్కర్ వాదనకు ఇవ్వవలసినంత బరువు ఇవ్వలేదు. పాకిస్తాన్ పాఠకులు, దళిత మేధావులు ఈ పుస్తకాన్ని మనలా చదవకపోవడంలో న్యాయం ఉంది. అభిమానం ఫిషర్‌ను పూర్తిగా విడిచిపెట్టలేదు. అభిమానించడానికి ఎంచుకున్న మనిషి మాత్రం మారారు.

లెనిన్ వైపు మళ్ళీ

తరువాతి రెండు దశాబ్దాలు ఆయన గాంధీ, రష్యాల మధ్యనే గడిపారు. స్టాలిన్ జీవితం మీద 1952లో ఒక పుస్తకం, సామాన్య పాఠకుల కోసం 1954లో గాంధీపై ఒక సంక్షిప్త గ్రంథం, ఇండోనేషియాపై మరొకటి వచ్చాయి. గాంధీ రచనల నుంచి ఎంపిక చేసి కూర్చిన 'ది ఎసెన్షియల్ గాంధీ' 1962లో వెలువడింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు.

1964లో 'ది లైఫ్ ఆఫ్ లెనిన్' వచ్చింది. మరుసటి ఏడాది దానికి చరిత్ర, జీవితచరిత్ర విభాగంలో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. తన యవ్వనాన్ని ఆకర్షించిన విప్లవం తొలి నాయకుణ్ణి అరవై ఎనిమిదో ఏట ఆరాధన గానీ కసి గానీ లేకుండా పరిశీలించగలగడం తక్కువ విషయం కాదు. గాంధీ గ్రంథమంత జనాదరణ దీనికి దక్కలేదు. పత్రాలు, తేదీలు, దౌత్య వివరాలతో నిండిన బరువైన పుస్తకం ఇది. ఫిషర్ 1970 జనవరి 15న న్యూజెర్సీ రాష్ట్రంలో కన్నుమూశారు. యాల్టా సమావేశానికి దారితీసిన సోవియట్ విదేశాంగ విధానంపై రాసిన చివరి గ్రంథం ఆయన మరణానంతరం 1972లో ప్రచురితమైంది. ఆయన కాగితాలు, ఉత్తరాలు ప్రిన్స్‌టన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

వెండితెర మీద, గోడల మీద

1962లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో పనిచేస్తున్న మోతీలాల్ కొఠారీ, రిచర్డ్ అటెన్‌బరోను కలిసి, గాంధీపై సినిమా తీయాలని కోరుతూ ఫిషర్ గ్రంథాన్ని చదవమన్నారు. చదివిన తరువాత అటెన్‌బరోకు అది ఇరవై ఏళ్ళ తపనగా మారింది. 1982లో విడుదలైన చిత్రం ఎనిమిది ఆస్కార్ పురస్కారాలు గెలుచుకుంది. ఫిషర్ గానీ, చిత్రం అంకితం పొందినవారిలో ఒకరైన కొఠారీ గానీ అప్పటికి జీవించి లేరు. చిత్రంలో మార్టిన్ షీన్ పోషించిన అమెరికన్ విలేకరి పాత్రను చూసి కొందరు ఫిషర్ అనుకుంటారు. అది కల్పిత పాత్ర. ధారాసన ఘట్టంలో వెబ్ మిల్లర్ చేసిన పని ఆ పాత్ర చేస్తుంది.

ఫిషర్ వాక్యాల్లో అన్నింటికంటే ఎక్కువ ప్రచారం పొందినది ఆయన పేరుతో లేదు. కంటికి కన్ను అన్న ప్రతీకార ధర్మం సాగుతూ పోతే చివరకు అందరూ గుడ్డివారే అవుతారన్న మాటను గాంధీ సూక్తిగా పాఠశాలల గోడల మీద, కార్యాలయాల క్యాలెండర్ల మీద, అక్టోబరు 2న మన ఫోన్లలో చూస్తూనే ఉంటాం. గాంధీ రచనల్లో ఆ వాక్యం దొరకలేదు. 1947లో 'గాంధీ అండ్ స్టాలిన్'లోనూ, 1950 జీవితచరిత్రలోనూ ఆ భావాన్ని ఫిషర్ తన మాటల్లో రాశారు. రెండో చోట అది సత్యాగ్రహం ఏమిటో వివరిస్తూ వస్తుంది. అక్కడ కొటేషన్ గుర్తులు లేవు.